ఒకే పేరు కింద దాగిన రెండు కప్పలు

కప్ప అనగానే మనకు చెరువుగట్టు, బురదగుంట, వానాకాలపు రాత్రి బెకబెకలు గుర్తుకు వస్తాయి. చెట్టు గుర్తుకు రాదు. అయినా తెలుగు పల్లెల్లో, చిన్న పట్టణాల్లో పెరిగిన వారికి చెట్టు కప్ప కొత్తదేమీ కాదు. ఎండాకాలంలో స్నానాలగదిలో, నీళ్ళ తొట్టి వెనుక, తలుపు మూలన గోడకు అతుక్కుని ముద్దగా కూర్చునే గోధుమరంగు కప్పను మనలో చాలామంది చూసే ఉంటాం. దాని వేళ్ళ చివర గుండ్రటి చిన్న బిళ్ళలు ఉంటాయి. వాటి ఆధారంతోనే అది నున్నని టైల్స్ గోడ మీద కూడా జారకుండా నిలుస్తుంది. దాని శాస్త్రీయ నామం పాలిపెడేట్స్ మాక్యులేటస్. ఎండ ముదిరినప్పుడు ఈ కప్ప తన చర్మం నుంచి ఊరే జిడ్డులాంటి స్రావాన్ని కాళ్ళతో ఒళ్ళంతా పూసుకుంటుంది, చలికాలంలో మన అమ్మమ్మలు పిల్లల ఒంటికి కొబ్బరినూనె రాసినట్టే. ఒంట్లోని నీరు త్వరగా ఆవిరైపోకుండా అది చేసుకున్న ఏర్పాటు అది.

ఈ గోడమీది కప్పది రాకోఫోరిడే అనే కుటుంబం. అదే కుటుంబంలో దీనికి పశ్చిమ కనుమలలో ఇద్దరు పచ్చని బంధువులు ఉన్నారు. ఆ రెండూ చెట్టు మీది నుంచి దూకి గాలిలో తేలుతూ దిగగలవు. రెండూ నురుగుతో గూడు కడతాయి. చూడటానికి అక్కాచెల్లెళ్ళలా ఉంటాయి. అందుకే కాబోలు, 130 ఏళ్ళపాటు రెండింటినీ ఒకటే జాతి అనుకున్నారు. ఒకదానికి ఇప్పుడు పెద్దగా ప్రమాదం లేదు. రెండోదానికి పేరు పెట్టిన నాలుగేళ్ళకే అది ప్రపంచంలో అత్యంత ప్రమాదంలో ఉన్న జీవుల జాబితాకెక్కింది. ఒకే రకంగా బతికే రెండు కప్పల తలరాతలు ఇంత వేరుగా ఎందుకు ఉన్నాయన్నదే ఈ పాఠం.

మన విద్యాలయాల విద్యార్థులకు ఇందులో ఒక సౌకర్యం ఉంది. తల్లిదండ్రుల బదిలీలతో మనం దేశమంతా తిరుగుతుంటాం. గోవాలోనో, మంగళూరులోనో, కొచ్చిలోనో చదువుతున్న తెలుగు పిల్లలు వానాకాలంలో కొండలవైపు వెళితే మొదటి కప్పను స్వయంగా చూసే అవకాశం ఉంది. రెండోదాన్ని చూడాలంటే మాత్రం పాలక్కాడ్ దాటి దక్షిణాన ఉన్న ఎత్తైన కొండలకే వెళ్ళాలి.

మొదటి కప్ప పేరు మలబారు ఎగిరే కప్ప. శాస్త్రీయ నామం రాకోఫోరస్ మలబారికస్. దీన్ని 1870లో శాస్త్రలోకానికి పరిచయం చేసినవాడు థామస్ కావర్‌హిల్ జెర్డాన్. ఈ పేరు తెలుగువారు గుర్తుపెట్టుకోదగ్గది. ఆయన మద్రాసు సైన్యంలో వైద్యుడు. కొంతకాలం నెల్లూరులో పనిచేశాడు. రోగుల మధ్య తీరిక దొరికినప్పుడల్లా పక్షులను, పాములను, చీమలను, చేపలను పరిశీలించి రాసిపెట్టాడు. కడప జిల్లా ముళ్ళపొదల అడవుల్లో కనిపించే కలివికోడికి ఇంగ్లీషులో ఆయన పేరే ఉంది. ఆ పక్షి కొన్ని దశాబ్దాలు ఎవరికీ కనపడక, అంతరించిందని అందరూ అనుకున్నాక, 1986లో మళ్ళీ దొరికింది. జెర్డాన్ చూసిన ప్రాణుల్లో ఒక పక్షి దాదాపు కనుమరుగై తిరిగి వచ్చిందన్నమాట. ఆయన పేరుపెట్టిన కప్పది ఇంకో రకం కథ. కప్ప ఎక్కడికీ పోలేదు గాని, దాని పేరు నీడలో మరో కప్ప దాక్కుంది.

మలబారు కప్ప ఆకారం చూద్దాం. పెద్ద ఆడకప్ప దాదాపు 10 సెంటీమీటర్లు ఉంటుంది. మగది చిన్నది. వీపు లేత అరిటాకులా మెరిసే పచ్చరంగు, చర్మం సన్నటి రవ్వ పోసినట్టు ఉంటుంది. పొట్ట లేత పసుపు. చేతివేళ్ళ మధ్య, కాలివేళ్ళ మధ్య బాతు కాలికి ఉన్నట్టు వెడల్పాటి పొర, దాని రంగు నారింజ కలిసిన ఎరుపు. కూర్చున్నప్పుడు ఈ ఎరుపు కనిపించదు. కాళ్ళు ముడుచుకుంటే మొత్తం పచ్చగా, ఆకు మీద ఆకులా ఉంటుంది. దూకినప్పుడే ఆ ఎర్రని పొరలు విచ్చుకుంటాయి.

ఎగరడం అని మనం అంటున్నాం గాని, దీనికి రెక్కలు లేవు. పిట్టలా పైకి లేవదు. ఎత్తైన కొమ్మ నుంచి దూకి, నాలుగు పాదాల పొరలనూ చాపి, ముంజేతుల వెంట, కాళ్ళ వెంట ఉన్న చర్మపు మడతలనూ పరచి, గాలి ఒత్తిడిని పట్టుకుని వాలుగా దిగుతుంది. ఆ పొరలు పడిపోయే వేగాన్ని తగ్గిస్తాయి, దిక్కు మార్చుకోవడానికీ పనికివస్తాయి. ఇలా అది 9 నుంచి 12 మీటర్ల దాకా పోగలదు. మన తరగతి గది పొడవు కొలిచి చూడండి, బొటనవేలంత కాళ్ళున్న ప్రాణికి అదెంత దూరమో తెలుస్తుంది. ఇలాంటి కప్ప గురించి పుస్తకంలో రాసి ప్రపంచానికి చెప్పినవాడు ఆల్ఫ్రెడ్ రస్సెల్ వాలెస్. డార్విన్‌తో పాటు ప్రకృతివరణ సిద్ధాంతాన్ని కనుక్కున్నవాడిగా ఆయన మనకు పాఠాల్లో తెలుసు. బోర్నియో దీవిలోని సారవాక్‌లో ఒక పనివాడు చెట్టు మీది నుంచి ఏటవాలుగా ఎగురుతూ వచ్చిందని చెప్పి ఒక కప్పను తెచ్చి ఇచ్చాడని ఆయన 1869లో వచ్చిన తన పుస్తకంలో రాశాడు. మన మలబారు కప్ప దాని దగ్గరి చుట్టమే.

ఎగరడం చూడటానికి బాగుంటుంది. కాని ఈ కప్పల బతుకంతా ఆధారపడింది ఎగరడం మీద కాదు, గూటి మీద. ఈ భాగం కొంచెం నిదానంగా చదవాలి, ఎందుకంటే తరువాత వచ్చే ప్రమాదమంతా ఇక్కడి నుంచే అర్థమవుతుంది.

మామూలు కప్ప నీటిలోనే గుడ్లు పెడుతుంది. నీటిలో పెట్టిన గుడ్లను చేపలు, నీటి పురుగులు, ఇతర తోకకప్పలు తింటాయి. చెట్టు కప్పలు దీనికి వేరే దారి చూసుకున్నాయి. నైరుతి రుతుపవనాలు మొదలయ్యాక, నీటి గుంటమీదికి వంగిన కొమ్మల దగ్గర మగకప్పలు చేరి అరుస్తాయి. జత కుదిరాక ఆడకప్ప గుడ్లతోపాటు ఒక జిగురు ద్రవాన్ని విడుదల చేస్తుంది. దాన్ని వెనుక కాళ్ళతో చిలుకుతుంది. కవ్వంతో మజ్జిగ చిలికినట్టే తెల్లటి నురుగు పొంగుతుంది. ఆ నురుగు మధ్యలో గుడ్లు ఉంటాయి. చుట్టూ ఉన్న ఆకులను ఆ నురుగుకే అంటించి గూటిని కప్పడం కూడా చూశారు. పైపొర గాలికి ఆరి పెళుసుగా మారుతుంది, లోపల మాత్రం తడి ఉంటుంది. కొన్ని రోజులకు లోపల తోకకప్పలు తయారవుతాయి. వాన పడి నురుగు మెత్తబడగానే అవి ఒక్కొక్కటీ కింద నీటిలోకి జారిపడతాయి. మిగతా పెరుగుదల అంతా ఆ నీటిలోనే.

ఈ ఏర్పాటులో ఒక్కటి తప్పినా మొత్తం పాడవుతుంది. నీటి గుంట ఉంటే చాలదు, దాని మీదికి వంగిన కొమ్మ ఉండాలి. కొమ్మ ఉంటే చాలదు, నురుగు ఎండిపోకుండా చుట్టూ గాలిలో తేమ ఉండాలి. గాలిలో తేమ ఉండాలంటే పైన చెట్ల కప్పు ఉండాలి. చెట్టు, నీరు, నీడ మూడూ ఒకేచోట ఉండాలి. పైగా పెద్ద కప్ప ఏడాదంతా చెట్ల మీదే ఉంటుంది. కాబట్టి ఆ గుంటకు దగ్గరలో అడవో, అడవిలాంటి తోటో ఉండి తీరాలి.

మలబారు కప్ప ఈ మూడింటినీ మనుషుల మధ్య కూడా వెతుక్కోగలిగింది. మహారాష్ట్ర దక్షిణపు అంచు, గోవా మొదలుకొని కర్ణాటక మీదుగా కేరళ దాకా పశ్చిమ కనుమల వెంట అది వ్యాపించి ఉంది. సతతహరితారణ్యాల్లో ఉంటుంది, ఆకురాల్చే అడవుల్లో ఉంటుంది, కాఫీ తోటల్లోనూ ఉంటుంది. అడవి అంచున ఊళ్ళలో నీళ్ళకోసం కట్టుకున్న సిమెంటు తొట్టి పైకి ఒక కొమ్మ వాలి ఉంటే, దాని మీద కూడా ఈ నురుగు గూళ్ళు కనిపిస్తాయి. ఐ.యు.సి.ఎన్. ఎర్ర జాబితాలో దీన్ని "ఆందోళన అవసరం లేని" జాతుల వరుసలో ఉంచారు.

ఇక రెండో కప్ప దగ్గరికి వద్దాం. తమిళనాడు కోయంబత్తూరు జిల్లాలో, కేరళ సరిహద్దును ఆనుకుని ఆనైమలై కొండలు ఉన్నాయి. ఆనైమలై అంటే తమిళంలో ఏనుగు కొండ. తెలుగు పిల్లలకు కూడా విడమరిచి చెప్పనక్కరలేనంత దగ్గరి మాట. దక్షిణ భారతంలోనే ఎత్తైన శిఖరం ఆనైముడి, 2,695 మీటర్లు, ఈ కొండల వరుసకే చెందింది. ఈ కొండల వానాడవుల్లో దొరికిన పచ్చ కప్పలను పరిశీలించిన కార్తికేయన్ వాసుదేవన్, సుశీల్ కుమార్ దత్తా అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఇవి మలబారు కప్పలు కావని తేల్చారు. 2000లో, మద్రాసు మొసళ్ళ కేంద్రం ప్రచురించే హమాద్రియాడ్ పత్రికలో వాటిని కొత్త జాతిగా వర్ణించారు. వాసుదేవన్ తరువాతి కాలంలో హైదరాబాదుకు వచ్చి, సీసీఎంబీకి చెందిన లాకోన్స్‌లో పరిశోధనలు కొనసాగించారు. అంతరించే ప్రమాదంలో ఉన్న జీవుల సంరక్షణ కోసం అత్తాపూర్‌లో నెలకొల్పిన ప్రయోగశాల అది.

కొత్త జాతికి పెట్టిన పేరు రాకోఫోరస్ సూడోమలబారికస్. సూడో అంటే గ్రీకులో అబద్ధపు, నకిలీ అని. అంటే "నకిలీ మలబారు కప్ప". పేరు పెట్టినవారి ఉద్దేశం మనకు అర్థమవుతుంది, కాని కప్పకు మాత్రం కొంత అన్యాయమే జరిగిందని మాకు అనిపిస్తుంది. అది ఎవరినీ అనుకరించలేదు. తన అడవిలో తాను ఎప్పటినుంచో ఉంది. అందుకే ఈ వ్యాసంలో ఆనైమలై కప్ప అనే పిలుద్దాం.

రెండింటినీ పక్కపక్కన పెడితే తేడా ఎక్కడ? వీపు చూడాలి. మలబారు కప్ప వీపు దాదాపు మచ్చలేని పచ్చరంగు. ఆనైమలై కప్ప వీపు కూడా ఆకుపచ్చే గాని, దాని మీద సన్నటి నల్లగీతలు ఉంటాయి. ఆకులో ఈనెలు ఉన్నట్టే ఉంటాయి ఆ గీతలు. ఆకుల మధ్య దాక్కోవడానికి ఇంతకన్నా మంచి వేషం ఉండదు. తరువాత వేళ్ళ మధ్య పొర చూడాలి. మలబారు కప్పలో అది ముదురు, ఆనైమలై కప్పలో వెలిసినట్టున్న లేత నారింజ. మిగతా శరీర నిర్మాణం, నురుగు గూడు, చెట్టు మీది నుంచి తేలుతూ దిగడం అన్నీ ఒక్కలాగే. రాత్రిపూట, వానలో, టార్చి వెలుగులో, పది అడుగుల ఎత్తున కొమ్మ మీద ఉన్న కప్పలో ఈ తేడా పట్టుకోవడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు.

పేరు వేరైతే ఏమైంది, కప్ప కప్పే కదా అని ఎవరైనా అడగవచ్చు. బడిలో ద్వినామీకరణ చదివేటప్పుడు మనమూ అదే అనుకుంటాం, పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నకోసం లాటిన్ మాటలు బట్టీపట్టడం దేనికని. ఈ రెండు కప్పలే దానికి జవాబు. 1999 దాకా ఆనైమలై కొండల్లో ఒక అడవి ముక్కను కొట్టేస్తే, అక్కడి పచ్చ కప్పలు పోయినా లెక్కల్లో పెద్ద నష్టం కనిపించేది కాదు. గోవాలో ఉన్నాయి, కర్ణాటకలో ఉన్నాయి, కేరళంతా ఉన్నాయి, ఇక్కడ కొన్ని పోతే పోయాయి అనేవారు. 2000 తరువాత అదే అడవి ముక్కకు విలువ మారిపోయింది. అక్కడి కప్పలు ఇంకెక్కడా లేని జాతి. కప్ప మారలేదు, అడవి మారలేదు. పుస్తకంలో ఒక పేరు చేరింది, అంతే. సంరక్షణ జాబితాలన్నీ జాతి పేరు మీదే నడుస్తాయి. పేరులేని జీవికి జాబితాలో చోటు లేదు.

పశ్చిమ కనుమల కప్పలలో ఇలా ఒకే పేరు కింద దాగినవి ఇంకా చాలా బయటపడ్డాయి. ఢిల్లీ విశ్వవిద్యాలయానికి చెందిన ఎస్.డి. బిజు, ఆయన సహచరులు 2014లో ఒక్క వ్యాసంలోనే నాట్యమాడే కప్పలలో 14 కొత్త జాతులను వర్ణించారు. అవన్నీ అంతకుముందు కూడా ఆ వాగుల పక్కనే ఉన్నాయి.

ఇప్పుడు ఎర్ర జాబితా సంగతి. ఐ.యు.సి.ఎన్. అంటే ప్రకృతి పరిరక్షణ కోసం 1948లో ఏర్పడిన అంతర్జాతీయ సంఘం. ఏ జాతి ఎంత ప్రమాదంలో ఉందో అంచనా వేసి ఈ సంఘమే ఎర్ర జాబితా తయారుచేస్తుంది. 2004లో ఆనైమలై కప్పను అది "తీవ్రమైన ప్రమాదంలో ఉన్న" జాతిగా ప్రకటించింది. అడవిలో పూర్తిగా లేకుండా పోవడానికి ముందు మెట్టు అది. ఇది వినగానే మనలో చాలామందికి వచ్చే ప్రశ్న ఒకటే: ఇంతకీ ఎన్ని కప్పలు మిగిలాయి?

ఆ ప్రశ్నకు జవాబు అవసరం లేకుండానే ఆ నిర్ణయం జరిగింది. పులులనైతే కెమెరాలు పెట్టి చారలు చూసి ఒక్కొక్కటిగా లెక్కపెడతారు. ఆకుల్లో ఆకుగా కలిసిపోయే కప్పను అలా లెక్కపెట్టడం అయ్యే పని కాదు. అందుకే ఎర్ర జాబితాలో విస్తీర్ణాన్ని బట్టి నిర్ణయించే పద్ధతి ఒకటి ఉంది. ఒక జాతి కనిపించిన చోట్లన్నీ పటం మీద చుక్కలు పెట్టి, వాటిని చుట్టివచ్చేలా బయటి గీత గీస్తారు. ఆ గీత లోపలి వైశాల్యం 20,000 చదరపు కిలోమీటర్లకు తక్కువైతే ప్రమాదపు మొదటి మెట్టు. 5,000కు తక్కువైతే రెండోది. 100కు తక్కువైతే తీవ్రమైన ప్రమాదం. అయితే చిన్న విస్తీర్ణం ఒక్కటే సరిపోదు. ఆ జాతి ఒక్కచోటే ఉండటం లేక ముక్కలుముక్కలుగా విడిపోవడం, దాని ఆవాసం ఇంకా తగ్గుతూ ఉండటం వంటి లక్షణాలు కూడా కలవాలి. 2004 నాటికి తెలిసినంతవరకు ఆనైమలై కప్పకు ఇవన్నీ కలిశాయి.

100 చదరపు కిలోమీటర్లంటే ఎంత? పది కిలోమీటర్ల పొడవు, పది కిలోమీటర్ల వెడల్పు. 2007లో గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థ ఏర్పడినప్పుడు దాని పరిధి దాదాపు 650 చదరపు కిలోమీటర్లు. అందులో ఆరోవంతు కూడా లేని నేలలో ఒక జాతి మొత్తం ఇమిడి ఉందని అప్పటి అంచనా. ఆ నేలలో ఒక్క తుపాను, ఒక్క తెగులు, ఒక్క ఆనకట్ట చాలు.

ఆనైమలై కొండల్లో ఆవాసం తగ్గిన చరిత్ర ఈనాటిది కాదు. ఆ కొండల నడుమ వాల్పారై పీఠభూమి ఉంది. దాదాపు 220 చదరపు కిలోమీటర్ల ఈ ప్రదేశంలో పంతొమ్మిదో శతాబ్దం చివరి నుంచి వానాడవులను నరికి కాఫీ, తేయాకు తోటలు వేశారు. ఇప్పుడు అక్కడ కనుచూపుమేర తేయాకు. దాని మధ్యలో, చాప మీద అక్కడక్కడ పడ్డ పచ్చని గుడ్డముక్కల్లా, పాత అడవి తునకలు మిగిలి ఉన్నాయి. చుట్టూ మాత్రం ఆనైమలై పులుల సంరక్షణ కేంద్రం, మరికొన్ని రక్షిత అడవులు ఉన్నాయి.

తోటలన్నీ ఒకటి కావు. అరకు లోయలో కాఫీ తోటలు చూసినవారికి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. కాఫీ మొక్క నీడ కోరుతుంది. అందుకని పైన సిల్వర్ ఓక్ వంటి పెద్ద చెట్లు, వాటికి పాకిన మిరియాల తీగలు, కింద కాఫీ ఉంటాయి. ఏలకుల తోటలదీ అదే తీరు. అందువల్ల చెట్టు మీద బతికే ప్రాణికి అక్కడ ఎంతోకొంత చోటు దొరుకుతుంది. తేయాకు అలా కాదు. నడుము ఎత్తున కత్తిరించిన పొదలు దుప్పటి పరచినట్టు కొండలను కప్పేస్తాయి. దూరం దూరంగా ఒక్కో సిల్వర్ ఓక్ నిలబడి ఉంటుంది. నేల మీద ఎండ పడుతుంది, గాలి ఆరిపోతుంది. మనం ఇందాక చెప్పుకున్న చెట్టు, నీరు, నీడల్లో ఇక్కడ నీరొక్కటే మిగులుతుంది. పర్యాటకుల ఫోటోల్లో తేయాకు కొండలు ఎంతో పచ్చగా ఉంటాయి. ఆ పచ్చదనం వేరు, కప్పకు కావలసిన పచ్చదనం వేరు.

మిగిలిన అడవి తునకల మధ్య రోడ్లు కూడా ఉన్నాయి. వానాకాలపు రాత్రుల్లో గుంటల వైపు కదిలే కప్పలు ఆ రోడ్లు దాటాలి. ఆనైమలై కొండల రోడ్ల మీద వాహనాల కింద పడి చనిపోయే ఉభయచరాలను, సరీసృపాలను లెక్కించిన ఒక అధ్యయనం 2001లో అదే హమాద్రియాడ్ పత్రికలో వచ్చింది. కప్ప చర్మం గురించి కూడా ఇక్కడ ఒక మాట చెప్పాలి. కప్ప ఊపిరితిత్తులతోపాటు చర్మంతో కూడా శ్వాసిస్తుంది, నీటినీ చర్మంతోనే పీల్చుకుంటుంది. తోటల్లో చల్లే మందులు వాననీటితో గుంటల్లోకి చేరితే ముందు దెబ్బ దానికే తగులుతుంది.

పరిస్థితి పూర్తిగా చీకటిగా లేదు. వాల్పారైలో మిగిలిన అడవి తునకల్లో స్థానిక జాతుల మొక్కలు నాటి, పాడైన వానాడవిని మళ్ళీ పెంచే పనిని నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్ అనే సంస్థ రెండు దశాబ్దాలకు పైగా చేస్తోంది. తేయాకు కంపెనీల భూముల్లోనే, వాటి ఒప్పుకోలుతోనే ఆ పని జరుగుతోంది. అడవిని మళ్ళీ అడవి చేయడం నిదానమైన పని. ఒక నాటు మొక్క కప్ప దూకేంత చెట్టు కావాలంటే మనం బడి ముగించి, ఉద్యోగాల్లో చేరి, మన పిల్లలు బడికి వెళ్ళే వయసు రావాలి.

ఇంకో మంచి విషయం, ఆనైమలై కప్ప తరువాతి సంవత్సరాల్లో కేరళలోని ఇడుక్కి జిల్లాలో, మున్నారు ప్రాంతపు కొండల్లో కూడా కనిపించింది. అంటే పటం మీద చుక్కలు పెరిగాయి, బయటి గీత పెద్దదయింది. ఇక్కడొక చిత్రం ఉంది. విస్తీర్ణం లెక్క పెరిగితే ఒక జాతి మెట్టు మారవచ్చు. అడవిలో ఒక్క కప్ప కూడా కొత్తగా పుట్టనవసరం లేదు, మనకు తెలిసింది పెరిగితే చాలు. అందుకే ఎర్ర జాబితాలో ఏ జాతి స్థితి చదివినా, పక్కనే ఆ అంచనా ఏ సంవత్సరానిదో చూసుకోవాలి. మన పన్నెండో తరగతి జీవశాస్త్ర పుస్తకంలో ఉభయచరాలలో 32 శాతం ప్రమాదంలో ఉన్నాయని చదివాం. 2023లో నేచర్ పత్రికలో వచ్చిన ప్రపంచవ్యాప్త అంచనా ఆ సంఖ్యను దాదాపు 41 శాతానికి తెచ్చింది. పక్షులు, క్షీరదాలకన్నా ఉభయచరాలే ఎక్కువ ప్రమాదంలో ఉన్నాయని కూడా అదే అధ్యయనం చెప్పింది.

మరి మలబారు కప్పను "ఆందోళన అవసరం లేనిది" అని వదిలేయవచ్చా? దాని విస్తీర్ణం పెద్దది, నిజమే. అయినా అది బతుకుతున్న కాఫీ తోటల్లో నీడచెట్లు కొట్టేసి ఎండకు తట్టుకునే పంట వేస్తే, ఊరి తొట్టి మీది కొమ్మను "ఆకులు రాలి నీళ్ళు పాడవుతున్నాయి" అని నరికేస్తే, అక్కడక్కడ అది కూడా మాయమవుతుంది. జాబితాలో మాత్రం ఏళ్ళ తరబడి ఆ మాట అలాగే ఉంటుంది. మెట్టు అనేది జాతి మొత్తానికి ఇచ్చేది. ఒక ఊరి గుంటలోని కప్పలకు అది వర్తించదు. తక్కువ ప్రమాదం ఉన్న జాతి ఒక తాలూకాలో పూర్తిగా పోవచ్చు.

పశ్చిమ కనుమల దగ్గర చదివే మిత్రులకు ఇక్కడ నిజంగా చేయదగ్గ పని ఉంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా, అడవి అంచున ఉన్న గుంటల మీద, తొట్ల మీద, కొమ్మలకు వేలాడే తెల్లటి నురుగు ముద్దల కోసం చూడాలి. పెద్దవాళ్ళు తోడు లేకుండా రాత్రి వెళ్ళకూడదు. గూటిని ముట్టుకోకూడదు. పైపొర పగిలితే లోపలి తడి ఆరిపోతుంది. కప్పను చేత్తో పట్టుకోనవసరం లేదు, ఫోటో చాలు. ఆ ఫోటోలో ముఖం ఎంత అందంగా పడిందన్నది ముఖ్యం కాదు. వీపు మొత్తం కనిపించాలి, వీలైతే వేళ్ళ మధ్య పొర రంగు కూడా పడాలి. ఊరి పేరు, తేదీ, సముద్రమట్టం నుంచి ఎత్తు రాసి ఉంచాలి. పాలక్కాడ్‌కు దక్షిణాన తీసిన పాత ఫోటోలు ఇంట్లోనో, బడి కంప్యూటరులోనో ఉంటే, వాటి కింద "మలబారు ఎగిరే కప్ప" అని రాసి ఉన్నా సరే, మళ్ళీ ఒకసారి తెరిచి వీపు మీద ఈనెల్లాంటి గీతలు ఉన్నాయేమో చూడవచ్చు.